సిరిసిల్ల దాకా

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం. పరాయి రాష్ట్రంలో, మగ్గాల కార్మికులుండే లింబాయత్ సందులో మంచం, పొయ్యి అమర్చిన పాత వ్యాను ఆగి ఉంది. తమ్ముడు దాని పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు అతికిస్తున్నాడు. అక్క కింద నిలబడింది. ఇంట్లో తల్లి ఆక్సిజన్ మిషన్ మీద ఉంది.

“దిగురా. అవ్వ యాడికీ రాదు.”

“మిషన్‌కు కరెంటు గావాలె అక్కా. పగలు ఇవి, రాత్రి బ్యాటరీ. సిరిసిల్ల దాకా ఆక్సిజన్ ఆగది.”

“అడవిల బండి చెడిపోతే? నువ్వు ఊపిరి ఊదుతవా?”

“ఈడ దవాఖానల బెడ్ దొరికిందా? పొద్దుగాల నువ్వే తిరిగొస్తివి.”

“కరోనా తగ్గితే దొరుకుతది. నీకు చాకిరీ బరువైంది, గది చెప్పు.”

“మగ్గాల దుమ్ము తిన్న పానం ఆమెది. అప్పటిదాక ఉంటదా? ఆమె బట్టలు నేను పిండుతున్న. నువ్వు కడప దాటి లోపలికి వస్తలేవు.”

“నా ఇంట్ల చిన్నపిల్లలున్నరు.”

“ఉన్నరు. ఎవరు కాదన్నరు?”

“గీ జిగురెందుకు? స్క్రూలు కొడితే ఇయ్యాల్నే అయిపోతది గదా.”

“రంధ్రాలు పెడితే వాన నీళ్లు మంచం మీద కారుతయి.”

“ఎండకాలంల వానేంది?”

“తిరిగొచ్చేటాళ్లకు వానలు పడుతయి.”

“అవ్వను తిరిగి తోలుకొస్తవా?”

అతను ప్యానెల్ అంచు మీద పెట్టిన చేయి తీయలేదు.

“గట్ల చెప్పు. చావనీకే తీస్కపోతున్నవ్.”

“సొంతూరికి తోలుకపొమ్మని ఆమెనే అడిగింది.”

“బండి తాళం నా దగ్గరుంది. ఇయ్య.”

“ఉంచుకో. రేపటిదాక జిగురు ఆరది. లోపలికి వోయి, వస్తవా రావా అని అవ్వను నువ్వే అడుగు.”

“అడగ.”

“ఎందుకు?”

“వస్తనంటది.”