నెయిల్‌పాలిష్ చుక్క

కూతురి లంచ్‌బాక్స్ కడగబోతూ తల్లి మూత తీసింది. పెట్టింది పెట్టినట్టే ఉంది.

“ఏమే, జ్వరమా? నాలుక చూపించు!”

“నాకేం కాలేదమ్మా. నా పక్కన కూర్చునే కొత్తమ్మాయి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. తల పగిలింది. ఆసుపత్రిలో ఉంది.”

“అయ్యో! పొద్దున ఏమీ తినలేదా ఏంటి?”

“నెల నుంచీ బడిలో తినట్లేదు. అది బాక్స్ తీయగానే మేమంతా వేరే బెంచీకి వెళ్ళిపోయేవాళ్ళం.”

“అదేం పాడుబుద్ధే? ఎక్కణ్ణుంచో వచ్చిన పిల్ల, పాపం!”

“నువ్వేగా, దాని చెంచా నా చెంచాతో కలిసిపోకూడదని నాదానికి నెయిల్‌పాలిష్ చుక్క పెట్టి పంపావ్?”

“వాళ్ళేం తింటారో, ఏం రోగాలున్నాయోనని భయమేసి పెట్టానే తల్లీ.”

“చుక్క ఎందుకని అందరూ అడిగారు. చెప్పాను. మర్నాటికి క్లాసులో అందరి చెంచాలకీ చుక్కలే, దాని చెంచాకి తప్ప.”

తల్లి కొళాయి కట్టేసి గొంతు తగ్గించింది.

“టీచర్ అడిగారా?”

“అడిగారు, అదెందుకు తినట్లేదని.”

“నా సంగతి చెప్పేశావా?”

“లేదు. దానికే ఆకలుండదని అందరం ఒకే మాట చెప్పాం.”

“హమ్మయ్య!” అనేసింది తల్లి.

కూతురు రెప్ప వేయకుండా తల్లి ముఖంలోకే చూస్తూ నిలబడింది.