ఎర్ర విమానమా, తెల్ల విమానమా

పళ్ళ డాక్టరుకి విమానం నడిపే లైసెన్సు వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ప్రశాంతత లేదు. కొనదలుచుకున్నది ఒక్క విమానం, మనసు పడింది రెండింటి మీద. రెండూ ఒకే ఇంజనువి, ముక్కున ఒకే పంకా ఉన్నవి. ఊరి చివర చిన్న విమానాల మైదానంలో పక్కపక్కనే అమ్మకానికి నిలబడి ఉన్నాయి. తెల్లది కొత్తది. గాల్లో ఇంజను మొరాయిస్తే వీపులోంచి పారాచూట్ విప్పుకుని విమానం మొత్తం మెల్లగా కిందికి దిగుతుంది. ఎర్రది పాతది. నేల వదలగానే చక్రాలు కడుపులోకి ముడుచుకుని బాణంలా దూసుకుపోతుంది.

డాక్టరుకి ఎర్రది కావాలి. భార్యకి తెల్లది కావాలి. వారం రోజులు మాటామాటా అనుకున్నాక ఆవిడే ఒక మెట్టు దిగింది.

"మీ బావగారిని అడుగుదాం. అన్నయ్యగారు ఏదంటే అది. నేనింక నోరెత్తను."

బావగారంటే డాక్టరు అక్క మొగుడు. విమానాశ్రయంలో ముప్ఫై ఏళ్ళు ఉన్నాడు. ఉన్నది సూట్‌కేసుల కొట్టులోనే అనుకోండి, కానీ ఆయన నోరు విప్పితే పైలట్లు కూడా టోపీ తీసి పక్కన పెట్టాల్సిందే. చుట్టాలందరూ ఆయన్ని రెక్కల బావ అంటారు.

అలా ఆదివారం పొద్దున నలుగురూ మైదానం పక్కన ఉన్న క్యాంటీన్లో కూర్చున్నారు. కిటికీలోంచి రెండు విమానాలూ కనిపిస్తున్నాయి. అక్క బత్తాయి ఒలుచుకుంటోంది. బావ టీ ఊదుకుంటూ ఎర్రదాని వైపు చూసి, పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వాడు.

"దీన్ని నేనోసారి నడిపానోయ్. పెద్ద విశేషమేం కాదులే. దాని ఓనరుకి గాల్లో కడుపునొప్పి వచ్చింది. బాబ్బాబు, కాస్త పట్టుకో అన్నాడు, పట్టుకున్నా. అంతే."

"వేగం ఎలా ఉంటుంది బావా?" డాక్టరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"వేగమా! ముందు ఓ పెద్ద జెట్టు పోతోంది, రెండొందల మంది జనంతో. పాపం, మెల్లగా పోతోంది కదా అని పక్కనుంచి దాటేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళ కిటికీ దగ్గరికి వెళ్ళి పలకరిస్తే, లోపలి అమ్మాయి కాఫీ అందించింది. తాగి కప్పు తిరిగిచ్చి మరీ వచ్చా, మర్యాద ఉండాలి కదా. దిగి ఇంటికెళ్ళి స్నానం చేసి కూర్చున్నాక, అప్పుడు వినిపించింది నాకు, గాల్లో ఆ అమ్మాయికి నేను థాంక్స్ చెప్పిన మాట!"

"చక్కెర సరిపోయిందా కాఫీలో?" అడిగాడు క్యాంటీనాయన, గ్లాసులు తుడుస్తూ.

"కాస్త తక్కువైంది. అసలు సంగతి అది కాదు. దిగబోతే చక్రాలు బయటికి రావే! కడుపు మీద దింపితే పంకా వంగిపోతుంది, పరాయివాడి సొమ్ము. ఏం చేశాననుకున్నావ్? ఎడమవైపు తలుపు తీసి, కాళ్ళు రెండూ కిందపెట్టి, విమానాన్ని చంకలో పెట్టుకుని రన్‌వే పొడుగునా పరిగెత్తా. ఓ చెప్పు తెగింది. అంతే నష్టం."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "బావా, ఎర్రదానికి ఎడమవైపు తలుపు లేదు. ఉన్నది ఒక్కటే, కుడివైపు."

బావ తొణకలేదు. "అప్పట్లో ఉండేది. నన్ను చూసి ప్రతివాడూ పరిగెత్తబోయి కాళ్ళు విరగ్గొట్టుకుంటాడని కంపెనీవాళ్ళు మూయించేశారు."

డాక్టరు భార్య దిగులుగా తెల్లదాని వైపు చూసింది. "మరి అదెలా ఉంటుంది అన్నయ్యగారూ? పెట్రోలు ఎక్కువ తాగుతుందా?"

"తాగడమా? తిరిగిస్తుందమ్మా! ఓసారి గాల్లో ఉండగా, ఎలా ఉంటుందో చూద్దామని పారాచూట్ విప్పా. సరిగ్గా అప్పుడే ఎదురుగాలి. విమానం వెనక్కి ఎగరడం మొదలెట్టింది. ముందుకెళ్తే ఖర్చయ్యే పెట్రోలు వెనక్కెళ్తే ఏమవుతుంది? బొట్టుబొట్టుగా టాంకులోకి తిరిగొచ్చేసింది! బయల్దేరిన చోటుకే చేరేసరికి టాంకు పొంగి పొర్లిపోతే, పక్క విమానాలవాళ్ళు బకెట్లు తెచ్చుకుని పట్టుకెళ్ళారు."

"ఇంతకీ రెండింట్లో ఏది మంచిదండీ?" అన్నాడు క్యాంటీనాయన.

"ఆ అనుమానం నాకూ వచ్చింది. తేల్చాలంటే ఒకే గాలిలో, ఒకే పైలటు, రెండింటినీ ఒకేసారి నడపాలి. నడిపా! ఒక కాలు దీని రెక్క మీద, ఒక కాలు దాని రెక్క మీద, చేతుల్లో రెండు పగ్గాలు. హోరాహోరీ పోటీ అనుకో. చివరికి నేనే గెలిచా."

"ఓడిందెవరు?"

"అదీ నేనే! వారం దాకా నాతో నాకు మాటల్లేవు."

క్యాంటీనాయన గ్లాసు జారిపోకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.

"నిజంగా చెప్పు బావా, ఏది కొనమంటావు?"

"ఎర్రదే! కళ్ళు మూసుకుని కొనెయ్."

డాక్టరు గుండె ఎగిరి గంతేసింది. బావ చెప్పినదాంట్లో ఆవగింజంత నిజం లేదని ఆయనకి తెలుసు. అయినా తీర్పు తనకి అనుకూలంగా వచ్చింది కదా! పక్కకి చూస్తే, భార్య ఇచ్చిన మాట ప్రకారం నోరెత్తకుండా కూర్చుంది, కళ్ళు మాత్రం టీ గ్లాసులోంచి పైకి లేవలేదు. ముందుకి లాక్కున్న కుర్చీని డాక్టరు మళ్ళీ ఆవిడ పక్కకి జరుపుకున్నాడు.

సరిగ్గా అప్పుడే విమానాలు అమ్మిపెట్టే ఆవిడ తాళాలు ఆడిస్తూ లోపలికొచ్చింది. "ఎర్రది సిద్ధంగా ఉంది. ఓ చుట్టు తిరిగొద్దామా? మీ మాటలు బయటికి వినపడ్డాయి పెద్దాయనా, మీరే ముందు సీట్లో కూర్చోండి."

బావ మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "నేనా? ఇవాళా? మోకాలు కాస్త... పైగా గాలి పడమర నుంచి వీస్తోంది. ఆ గాలికీ నాకూ పాత గొడవ. టీ కూడా తాగేశాను, బరువు లెక్క తప్పుతుంది..."

అక్క బత్తాయి తొన నోట్లో వేసుకుని, మొదటిసారి నోరు విప్పింది.

"ఆయన్ని వదిలెయ్యమ్మా. మొన్న వంటింట్లో బల్బు మార్చమంటే స్టూలు ఎక్కారు. కింద నేను రెండు కాళ్ళూ పట్టుకుని నించున్నా. బల్బు తియ్యకుండా పైనుంచి ఒకటే అరుపు, 'ఒసేయ్, నేల ఎంత దూరం ఉందో చెప్పవే, నేను కళ్ళు తెరవను' అని!"

క్యాంటీనాయన గల్లాపెట్టె మీద తల వాల్చి నవ్వాడు. డాక్టరు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. ఆ నవ్వు విని వారం రోజులైంది. డాక్టరు లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"పద, తెల్లదాంట్లో తిరిగొద్దాం."

"మరి మీ ఎర్రది?"

"దానికి సాక్ష్యం చెప్పిన పెద్దమనిషి స్టూలు మీంచి ఇంకా దిగలేదుగా!"

వాళ్ళు గుమ్మం దాటుతుంటే వెనక బావ గొంతు వినిపించింది. "నవ్వుతారేంటర్రా, అది మామూలు స్టూలనుకున్నారా?"

"కాదు కాదు," అంది అక్క. "మన మనవరాలు అన్నం తినడానికి కూర్చునే బుల్లి స్టూలు."