అత్తయ్య రివ్యూలో నా చావు

ఏంటమ్మాయ్, యుద్ధం సినిమాకెళ్ళొచ్చావా? ఎన్ని స్టార్లిచ్చారేంటి దానికి? మూడా! మా మేనత్తే ఉంటే అరస్టారు కూడా రాల్చేది కాదు. పేపర్లో సినిమాల మీద రాసేదిలే. ఏ సినిమా అయినా రెండుసార్లు చూసేది. మొదటిసారి అందరిలాగే. రెండోసారి ముందు వరసలో, తెరకి వీపు పెట్టి, కుర్చీలో వెనక్కి తిరిగి, జనం మొహాలు చూస్తూ. "సినిమా ఆడేది అక్కడ కాదురా, ఇక్కడ" అనేది. వెనకాలవాళ్ళు మొదట్లో "ఏమ్మా, మా మొహాల మీదేమన్నా పడుతోందా బొమ్మ?" అని గోల చేసేవాళ్ళు. తర్వాత్తర్వాత ఆవిడొస్తుందంటే తల దువ్వుకుని మరీ వచ్చేవాళ్ళు.

ఏదో చెబుతూ ఎటో పోయాను. నేనూ ఓ సినిమాలో వేశాను, చెప్పానా? నవ్వకు. ఓడల యుద్ధం. నాది చాలా ముఖ్యమైన వేషం, శవం. ఓడ మునిగాక తెప్ప మీద వెల్లకిలా తేలాలి. ఆ ఊగుడికి డైరెక్టరు చావమనేలోపే సగం చచ్చాననుకో. అప్పట్లో హీరో అయిపోదామని నా పిచ్చి. ఈ అందానికి! ఇంకో వేషం రావాలంటే అత్తయ్య కలం కాస్త మెత్తబడాలి. మా అమ్మ ఆవిడ వెనకాలే తిరిగింది. "వదినా, మిగతా పేపర్లన్నీ దుమ్మెత్తిపోశాయి. నువ్వన్నా నాలుగు మంచి ముక్కలు రాయి, నీ మేనల్లుడే కదా" అని. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ "ముందు చూడనీవే" అంది, అంతే.

ఆదివారం పేపరొచ్చింది. ఉతికి ఆరేసింది తల్లీ! "ఓడలు తొట్టిలో బొమ్మల్లా ఉన్నాయి. ఫిరంగులు దగ్గుతున్నాయి. నడిసముద్రంలో అంతసేపు పోరాడిన హీరోకి క్రాపు కూడా తడవలేదు." ఇంక నా పని అయిపోయిందనుకున్నా. కింద ఆఖరి ముక్క మాత్రం ఇప్పటికీ నోటికొచ్చు. "ఇందులో నిజంగా చచ్చినవాడు ఒక్కడే, తెప్ప మీది కుర్రాడు. వాడు కనపడగానే హాల్లో ఒకావిడ 'నాయనా!' అని కేకేసి లేచి నిలబడింది. ఆ నాయన పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ఆవిడ నా తమ్ముడి భార్య, వాడు నా మేనల్లుడు. చుట్టరికం దాచను, అది చూసి మెచ్చుకోనూ లేదు."

చూశావా నిక్కచ్చితనం! "నన్ను పేపరుకెక్కిస్తావా" అని అమ్మ చాన్నాళ్ళు అలిగింది. తిట్లు తిన్న డైరెక్టరే తర్వాతి సినిమాకి నాకు కబురెట్టాడు. మళ్ళీ శవానికేలే. ఆ తర్వాత ఎందరి చేతుల్లో ఎన్ని రకాలుగా చచ్చానో! మంచి శవం కావాలంటే నా పేరే చెప్పేవాళ్ళు. హీరోలకి కూడా అంత పేరు లేదు, ఏమనుకున్నావ్.

అత్తయ్య పోయినప్పుడు మంచం పక్కనే ఉన్నా. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలా. ఈ విద్యలో ఆరితేరినవాణ్ణి కదా... రెప్ప ఎక్కడైనా అదురుతుందేమోనని ఆ మొహంలోకే చూస్తూ కూర్చున్నా. చాలాసేపు చూశా...

ఆఁ... ఆ కిటికీ కాస్త వెయ్యమ్మా. కళ్ళలోకి గాలి కొడుతోంది.