హెప్సీ వేసిన లకుముకి పిట్ట

ఒసేయ్ నెట్టీ, ఆ ప్లేటు గోడకే ఉండనీ. దాంట్లో కేకు పెడతావా? విషమే అది, ఆ మెరుపంతా సీసం. మా అక్క హెప్సీ వేసిన పిట్ట. మొన్నెవరో దొర వచ్చి, "బామ్మగారూ, రాణీగారి కాలం నాటి సొగసండీ" అన్నాడు. "ఏ రాణి వచ్చి ఆ రంగు నాకిందయ్యా?" అన్నాను. పోయాడు.

నాకడమంటే నిజంగా నాకడమే. కుంచెకి మొన రావాలంటే నాలుక మీద తిప్పాలి. నోట్లో పెట్టరాదని మా పింగాణీ కార్ఖానా గోడకి బోర్డుండేది. ఆ బోర్డు కిందే కూర్చుని నాకేవాళ్ళం. నీళ్ళలో ముంచి వేస్తే పిట్ట ఈక కాస్తా చీపురయ్యేది మరి! "పొద్దున్నే గ్లాసుడు పాలు తాగితే సీసం అంటదే" అనేది మా మేస్త్రమ్మ, మిసెస్ టనిక్లిఫ్. ఆవిడకి నోట్లో పన్ను లేదు, అయినా నమ్మాం.

హెప్సీ పదకొండేళ్ళు ఆకులే వేసింది. పిట్టల వాళ్ళది కిటికీ పక్క బల్ల. ఆకుల వాళ్ళని పలకరించను కూడా పలకరించరు, అంత టెక్కు. చివరికి దీన్నీ ఆ బల్లకి రమ్మన్నారు. ఆ వారమే చిగుళ్ళ మీద నీలం గీత తేలింది. సీసం ఒంట్లో దిగిందనడానికి అదే గుర్తు. అప్పటికే రెండు కాన్పుల్లోనూ బిడ్డలు చచ్చి పుట్టారు, మళ్ళీ మూడో నెల. నెలకోసారి డాక్టరు చిగుళ్ళు చూసేవాడు. గీత కనపడిందా, ఇక కుంచె ముట్టనివ్వరు. ఉప్పుతో తోమింది, బొగ్గుతో తోమింది. నెత్తురొచ్చింది గానీ గీత పోలేదు.

"థర్జా, నా బదులు నువ్వెళ్ళవే. వాడు మొహం చూడడు, నోరే చూస్తాడు" అని నన్ను బతిమాలింది. నేను ఆ పనిలో చేరి రెండు నెలలే, నాకింకా గీత రాలేదు. "నీ మణికట్టు చూసుకో, సీసానికి పట్టు తప్పి వేలాడుతోంది" అన్నాను. "నాలుగు పుస్తకాలు చదివావని నన్ను ఇంట్లో కూర్చోబెడతావా?" అని ఏడ్చింది. దాని శాలువా కప్పుకుని రెండోసారి వరసలో నిలబడ్డాను. డాక్టరు దాని పూర్తి పేరు చదివాడు, "హెప్జిబా?" "అవునండీ." "తెరువు." తెరిచాను. "శుభ్రం" అని కార్డు మీద రాశాడు. మేస్త్రమ్మ చూసి తల తిప్పుకుంది.

కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుని వేసింది ఈ పిట్టని. తోక దగ్గర ఆ వణుకు చూడు. డాక్టరు చూసిన పద్దెనిమిదో రోజున ఫిట్లు. "దీపం ఎందుకార్పావే?" అంది. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు.

దాని చావుకి విచారణ సారాకొట్టు మేడ మీద పెట్టారు. డాక్టరు కార్డు చదివాడు: "నేనే చూశాను, చిగుళ్ళు శుభ్రం. సీసం కాదు, మూర్ఛ." అమ్మ లేచింది. "అయ్యా, మా ఇంటావంటా మూర్ఛ లేదు!" "కూర్చోమ్మా." "చదువుకున్నదానివి, నువ్వైనా చెప్పవే" అని నన్ను గిల్లింది. నేను నేల చూశాను. మూర్ఛ అనే రాసుకున్నారు.

అమ్మ పోయేదాకా అదే ప్రశ్న: ఎవరి వైపు నుంచి వచ్చిందే ఈ జబ్బు? మంచంలో కూడా. నేను దుప్పటి సర్దుతూ, "నాన్న మేనత్తకి ఉండేదేమోనమ్మా" అనేదాన్ని. పాపం, "అవును, ఆవిడ చూపు అదోలా ఉండేది" అని నమ్మింది.

బొగ్గు బండి వచ్చినట్టుంది. వెళ్ళి తలుపు తియ్యి.