నర్సమ్మగారి రేడియోకి బల్బు వేసిన రోజు

ఆగు బాబాయ్, ఆగు! ఆ రేడియోని పాతసామాన్ల బండెక్కిస్తున్నావా? మీ నాన్న ఈ టీకొట్టు పెట్టిన కొత్తల్లో ముచ్చటపడి కొన్న రేడియోని? గాజు వెనక బల్బు పోయిందని, ఆ బల్బులు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడిందని, ఇంత మాత్రానికేనా? ఇదిగో బండబ్బాయ్, నువ్వు కాసేపు ఆ మెట్టు మీద కూచో. టీ తాగు, బాబాయ్ ఇస్తాడు. ఈలోపు నర్సమ్మగారి రేడియోకి నేను బల్బు వేసిన సంగతి చెబుతా. అది విన్నాక కూడా ఇచ్చెయ్యాలనిపిస్తే, నేనే మోసుకెళ్ళి బండిలో పెడతా.

"మొదలెట్టాడ్రా వోల్టేజీ," అన్నాడు తాపీమేస్త్రీ, బెంచీ మీద చోటిస్తూ. పక్క కొట్టు రేడియో మెకానిక్‌ని అందరూ అలాగే పిలుస్తారు. చిన్న మాట కూడా అతని నోట్లో పడిందంటే పెరిగి పెద్దదై గానీ బయటికి రాదు.

నేనేం గొప్పలు పోవడం లేదు మేస్త్రీ. చేసింది చిన్న పనే. నర్సమ్మగారి రేడియో చూశారుగా, చెక్క పెట్టె, లోపల గాజు వాల్వులు, ముందు పలక మీద దేశదేశాల ఊళ్ళ పేర్లు. ఎడమ చివర మన ఊరు, కుడి చివర ఎక్కడో మంచుదేశం. "పాట వస్తోంది గానీ ముల్లు ఎక్కడుందో కనపడటం లేదు నాయనా," అందావిడ. వెనక చెక్క విప్పి చూద్దును కదా, చిటికెనవేలి గోరంత బల్బు, మాడి మసైపోయింది. బజారంతా గాలించా. టార్చి బల్బు పెడితే టప్పున పోయింది. కారు బల్బు పెడితే గుడ్డిదీపం. ఇప్పటి తెల్ల లైటు పెడితే ఆవిడ మొహం చిట్లించి, "ఉద్యోగమంతా ఆస్పత్రి వెలుగులోనే గడిచింది, ఇంట్లో కూడా అదేనా?" అంది. అప్పుడేం చేశానో తెలుసా?

"ఏం చేశావు?" బాబాయ్ రేడియోని చంకలోంచి దించి బల్ల మీద పెట్టాడు.

బల్బు నేనే చేశా! పాత సీసా పొయ్యి మీద కరిగించి, బుగ్గలు పూరించి ఊదా. మా ఆవిడ తలలోంచి ఒక వెంట్రుక అడిగి పుచ్చుకుని, తీగని అంతకంటే సన్నంగా సాగదీశా. ఎంత సన్నమంటే, నేను దాన్ని పట్టుకున్నానో లేదో నాకే తెలియదు, తీగనే అడగాలి. ఇంక బల్బులో గాలి ఉండకూడదు కదా, దానికి మిషను ఎక్కణ్ణించి తేను? నోరు ఆనించి ఒక్క పీల్పు పీల్చా! ఆ వారమంతా మళ్ళీ ఊపిరి తీసుకునే పనే పడలేదు.

"గోరంత బల్బులో అంత గాలెక్కడిదిరా?"

పాత సీసా కదా మేస్త్రీ, గాలి కూడా పాతకాలందే, చిక్కగా ఉంటుంది. సరే, బల్బు దూర్చాలంటే ముల్లుని లాగే దారం అడ్డమొస్తోంది. అది ఊడదీసి, బల్బు బిగించి, దారం మళ్ళీ చక్రానికి నేనే చుట్టా, కళ్ళు మూసుకుని. మిట్టమధ్యాహ్నం, స్విచ్చి వేశా. వాల్వులు మెల్లగా వేడెక్కాయి. బల్బు ముందు ఎర్రగా, తర్వాత పచ్చగా, ఆ తర్వాత చూడు నా సామిరంగా! కిటికీలోంచి లోపలికి రాబోయిన ఎండ ఆ వెలుగు చూసి సిగ్గుపడి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎదురింటావిడ తడిబట్టలు తెచ్చి నర్సమ్మగారి గదిలో ఆరేసింది. వీధిలో కుండీల్లో ఉన్న మొగ్గలన్నీ ఇటు తిరిగి విచ్చుకున్నాయి. పైన పోయే విమానం రన్‌వే ఇదే కాబోలని కిందికి దిగడం మొదలెట్టింది! నేను గొడుగు విప్పి రేడియోకి అడ్డం పెట్టబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇవాళ మీరంతా విమానం రెక్క మీద కూచుని టీ తాగేవాళ్ళు.

"మా చెవుల్లో పువ్వులు పెడుతున్నావు," అన్నాడు బాబాయ్. బండబ్బాయి మాత్రం టీ గ్లాసుతో సహా మెట్టు మీంచి బెంచీ మీదికి మారాడు.

అసలుది ఇంకా చెప్పనేలేదు! నాబ్ తిప్పా. ముల్లు ఆ వెలుగులో ఆగుతుందా? రయ్యిమని సముద్రాలు దాటి కుడి చివర మంచుదేశం మీద పోయి నిలబడింది. ఎంత గొప్ప రేడియోకైనా అందని స్టేషను! అక్కడ ఒకాయన మాట్లాడుతున్నాడు. ఏ భాషలో? మన భాషలో! నా బల్బు వెలుగు వాళ్ళ స్టేషను దాకా పోయింది, ఈ మొనగాడెవడని వాళ్ళు ఆరా తీశారు, కూచుని ఆ పూటకా పూటే మన భాష నేర్చేసుకున్నారు! పైగా ఏమన్నాడో తెలుసా? "గొట్టం పగిలింది, రేపు బడి వీధిలో కుళాయి నీళ్ళు రావు" అన్నాడు. మన వీధి కుళాయి సంగతి, మంచుదేశం వాడు!

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "ఒరే, అది మాత్రం నిజంరా! మర్నాడు చుక్క నీరు రాలేదు. సిమెంటు కలపలేక చేతులు ముడుచుకుని కూచున్నాం."

"ముందు రోజే బకెట్లు నింపుకోమని నాతో చెప్పింది కూడా వీడే," అన్నాడు బాబాయ్ ఆశ్చర్యపోతూ. అతని చెయ్యి రేడియో మీద ఆగింది. బండబ్బాయి ఖాళీ బండి వైపు ఓసారి చూసుకున్నాడు.

ఇప్పుడేమంటారు? ఇంకా అనుమానముంటే అదుగో, నర్సమ్మగారే వస్తున్నారు. అమ్మా, ఒక్కసారి ఇటు రండి! మీ రేడియో సంగతి మీ నోటితోనే చెప్పండి!

ఆవిడ రొట్టెల సంచీ బల్ల మీద పెట్టి చెమట తుడుచుకుంది. "ఏం చెప్పను? వెలుగు చాలా బాగుంది. నేను డ్యూటీకి తొక్కిన సైకిలు మూల పడి ఉంటే, దాని ముందు దీపంలో బల్బు సరిగ్గా సరిపోతుందని వీడే కనిపెట్టి విప్పి పెట్టాడు. ఇన్నాళ్ళకి ఆ వెలుగు మళ్ళీ చూస్తే కళ్ళనీళ్ళు తిరిగాయి."

"సైకిలు బల్బా!" అన్నాడు మేస్త్రీ. "మరి నువ్వు ఊదింది?"

నేను ఊదింది కూడా అచ్చం సైకిలు బల్బులాగే వచ్చింది మేస్త్రీ, అమ్మ పోల్చుకోలేకపోయారు. ముందు మంచుదేశం సంగతి చెప్పండమ్మా, అదే ముఖ్యం!

"అదా," అంటూ నర్సమ్మగారు నవ్వేసింది. "దారం తిరగేసి చుట్టావు నాయనా. నేను కుడికి తిప్పితే ముల్లు ఎడమకి పోతోంది. ఎడమ చివర ఉండాల్సిన మన ఊరి స్టేషను కుడి చివర పలుకుతోంది. రోజూ పొద్దున్నే మంచుదేశంలో మన కూరగాయల ధరలు వింటున్నాను."

బండబ్బాయికి టీ పొలమారింది. మేస్త్రీ కడుపు పట్టుకుని బెంచీ మీద వాలిపోయాడు.

అది... ఎడమచేతివాటం వాళ్ళకి వీలుగా ఉంటుందని ప్రత్యేకంగా చుట్టానమ్మా.

"నాది కుడిచేతివాటం," అంది నర్సమ్మగారు.

బాబాయ్ ఒక్కడే నవ్వలేదు. "అమ్మా, దీపం మాత్రం నిజంగా వెలుగుతోందా?" అని అడిగాడు.

"వెలుగుతోంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు."

బాబాయ్ కొట్టు వెనక్కి వెళ్ళి తన సైకిలు నడిపించుకొచ్చి వోల్టేజీ ముందు నిలబెట్టాడు. "ఊఁ, బల్బు విప్పు. మా నాన్న రేడియో వెలగాలి," అన్నాడు. బండబ్బాయి గ్లాసు కింద పెట్టి, ఖాళీ బండి తోసుకుంటూ బయల్దేరాడు.

"కాస్త ఆగవయ్యా," అని అతన్ని కేకేసి, బాబాయ్ వోల్టేజీ వైపు తిరిగాడు. "దారం మీద చెయ్యి పడిందా, ఆ బండి మీద నిన్నెక్కిస్తా."