తప్పు లేదన్న మాట

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక మేడ మీది గదిలో, ఈ మధ్యే భార్యను పోగొట్టుకున్న ఉపాధ్యాయుడు మానసిక వైద్యురాలి ఎదుట కూర్చున్నాడు. ఆయన రావడం ఇది ఆరో బుధవారం.

“ఇయ్యాల్టితోని బంద్ చేస్త మేడం. మంచిగైన.”

“పోయిన వారం గంటసేపు ఏడ్చిన్రు సార్. గింతల్నే మంచిగైన్రా?”

“నా తప్పేం లేదని మీరే అన్నరు గదా. ఇంక చెప్పనీకి ఏమున్నది?”

పోయిన బుధవారం ఆ మాట అన్నాక తాను ఎంత తృప్తిగా ఇంటికి వెళ్లిందో ఆమెకు గుర్తొచ్చింది.

“సార్, ఆ మాట నా కోసం అన్న. మీ ఏడుపు చూడలేకపోయిన. ఏం జరిగిందో మీరు ఇంకా చెప్పనే లేదు.”

“అంత మంచి మాట వాపస్ తీసుకుంటరా?”

“తీసుకుంటున్న. చెప్పుండ్రి.”

ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“స్టాఫ్‌రూంల పేపర్లు దిద్దుతున్న. ఫోన్ మోగింది. ఆమె పేరు చూసిన. పొద్దుగాల కొట్లాడినం, ఆ కోపంతోని ఎత్తలే. గప్పుడే ఆమెకు గుండెనొప్పి వచ్చిందట.”

నోటి దాకా వచ్చిన ఓదార్పును ఆమె ఆపుకుంది.

“ఏమనరా మేడం?”

“అనను, వింట. దేనికి కొట్లాడిన్రు?”

“ఆమె ఏసుకున్న చిక్కుడు పందిరికి. బండి పెట్టనీకి జాగ లేదని సగం పీకేసిన. ‘వాడకట్టంత చెప్పి నీ ఇజ్జత్ తీస్త’ అన్నది.” ఆయన నవ్వాడు. కళ్లు కారుతూనే ఉన్నాయి. “మస్తు మొండిది మేడం. ఆమె ముచ్చట ఒక్క బుధవారంల అయిపోయెటిది కాదు.”