గుండీ కొలతలు

కాదు చెల్లెమ్మా, చెప్పడానికైనా ఒక పద్ధతుంటుంది కదా! పరదాలు పొట్టి చెయ్యాలన్నయ్యా అంటూ వచ్చావు. సరే, ఇలా పడెయ్ అన్నాను. ఎంత తగ్గించాలమ్మా అంటే, కొత్తింటి కిటికీలు చిన్నవన్నయ్యా అంటావా? కొత్తిల్లేమిటి! ఎప్పుడు చూశారు, ఎప్పుడు మాట్లాడుకున్నారు? కింద వాటాలో మీరు చెంచా పడేస్తే పైన నాకు వినిపిస్తుంది. ఇల్లు మారుతున్న సంగతి మాత్రం నా చెవిన పడలేదు.

కూర్చో. నువ్వలా గుమ్మంలో నిలబడితే నాకు చెయ్యాడదు. ఆ స్టూలు మీది బట్టలు పక్కకి తోసెయ్. నలిగితే నలుగుతాయిలే, ఇస్త్రీపెట్టె ఉన్నది దేనికి?

ఆదివారమా? ఈ వచ్చే ఆదివారమే? బాగుంది.

అబ్బే, కోపమేం లేదు. నాకెందుకమ్మా కోపం? అద్దెకొచ్చినవాళ్ళు అద్దింట్లో పాతుకుపోతారా? బావగారికి పనిచేసే చోటు దగ్గర, పిల్లకి బడి దగ్గర. మంచిదే. కాదంటానా? ఇదిగో, ఈ సూదిలోకి దారం ఎక్కి చావడం లేదు, నా కోపమంతా దీని మీద.

మరి గుండీకి చెప్పారా? ఏడ్చిందా?

గంతులేసిందా! అంతేలే, పసిపిల్ల. కొత్తింట్లో దానికంటూ ఒక గది ఉందంటే గంతులెయ్యదూ మరి? మామయ్య కూడా వస్తాడా అని అడిగిందా?

అడగలేదులే. ఊరికే అన్నాను. నువ్వు మొహం అలా పెట్టకు.

ఆ పేరు నేను పెట్టిందే కదా. దాని అసలు పేరుతో బళ్ళో పిలుస్తారేమో గానీ, ఈ మేడ మీద అది గుండీయే. నా గుండీల డబ్బా నేల మీద బోర్లించి, ఎర్రవి ఒక పక్క, నీలానివి ఒక పక్క పేర్చుకుంటూ పొద్దంతా కూర్చునేది. ఒకటి ముక్కులో దోపుకుని మనందరినీ ఆస్పత్రికి పరుగులు పెట్టించింది కూడా. గుర్తుందా? నువ్వు ఏడుపు, బావగారు నా మీద కేకలు. అది మాత్రం డాక్టరుగారి కోటు గుండీలు లెక్కపెడుతూ కూర్చుంది!

ఇప్పుడు నవ్వుతున్నావు గానీ, అప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఏమన్నావు? వెళ్ళేలోపు దాన్నోసారి పైకి పంపిస్తావా, కొలతలు తీసుకోడానికా?

వద్దమ్మా. ఇంక అక్కర్లేదు.

అలగడం కాదు, విను. నీకు సగం తెలిసిందే అయినా మొదట్నించీ చెప్పనీ. మధ్యలోంచి ఎత్తుకుంటే నాకు వరస తప్పుతుంది. చేతిలో పని చేతిలోనే ఉంటుంది, పరదాలు ఎక్కడికీ పోవు.

మా ఆవిడ పాపనెత్తుకుని వాళ్ళన్నగారి ఊరు వెళ్ళేనాటికి దానికింకా నడక రాలేదు. గోడ పట్టుకుని నిలబడేది, అంతే. తప్పెవరిదని అడక్కు. ఆవిణ్ణడిగితే నాదంటుంది, నన్నడిగితే ఆవిడదంటాను, మూడో మనిషినడిగితే దొందూ దొందే అంటాడు. రావద్దని ఆవిడ అనలేదు, రమ్మనీ అనలేదు. నేనూ పంతానికి పోయాను. పంతమంటే ఏముంది చెల్లెమ్మా, రేపు వెళ్దాంలే, ఎల్లుండి వెళ్దాంలే అనుకుంటూ ఉండిపోవడమే.

బట్టలు మాత్రం బీరువా నిండా వదిలేసి వెళ్ళింది. పూల గౌన్లు, సిల్కు చొక్కాలు, చలికాలం కోటు. తలుపు తెరిస్తే చాలు, గుప్పున ఆవిడ పౌడరు వాసన. వాటినేం చెయ్యను? ఎవరికన్నా ఇచ్చేద్దామంటే మనసొప్పలేదు, చూస్తూ కూర్చుందామంటే పిచ్చెక్కేలా ఉంది. చివరికి కత్తెర పట్టుకున్నాను. నాకొచ్చిన విద్య అదొక్కటే కదా. ఆవిడ పూల గౌను విప్పి పాపకి గౌను కుట్టాను, నా పాత గళ్ళ చొక్కా చింపి దానికి కాలరూ జేబులూ వేశాను. మేమిద్దరం ఒక కప్పు కింద ఇమడలేకపోయాం గానీ, ఆ గుడ్డలు రెండూ ఒక్క గౌన్లో బుద్ధిగా ఇమిడిపోయాయి.

అయితే కొలతలేవీ? ఫోన్ చేసి అడిగితే, "మీరేం కుట్టక్కర్లేదు, ఈ ఊళ్ళోనూ షాపులున్నాయి" అని పెట్టేసింది. అప్పుడు కదా నీ దగ్గరికొచ్చాను. ఇద్దరూ ఒకే నెలలో పుట్టినవాళ్ళే, ఒకసారి మీ పాపని నిలబెట్టవా చెల్లెమ్మా అని. నువ్వు ఎందుకూ ఏమిటీ అనలేదు. మొహం కడిగి, తల దువ్వి మరీ తీసుకొచ్చి నిలబెట్టావు. ఆ ఉపకారం నేను మర్చిపోతానా?

తొలిసారే ఎంత రభస చేసింది! తొడిగి చూసిన గౌను విప్పమంటే నేల మీద దొర్లి ఏడ్చింది, ఇది నాదీ అని. దాంతో మర్నాడు రెండోది కుట్టాల్సొచ్చింది. అప్పట్నించీ అదే వరస. ఒకటి మా పాపకి పార్సెల్‌లో, ఒకటి కింద వాటాకి. కత్తిరింపు ముక్కలు కూరి పిల్లి బొమ్మని కుడితే, పిల్లులూ రెండే. దాని పిల్లికి తోక ఊడిపోతే కట్టు కట్టమని పొద్దున్నే వచ్చి తలుపు బాదేది. నేను దువ్వెనతో నాడి చూసి, తోక కుట్టి, మూడు రోజులు పరిగెత్తనివ్వకు అని చెప్పి పంపేవాణ్ణి.

పోస్టాఫీసులో గుమాస్తా ఏటా అడిగేవాడు, లోపల కొత్త బట్టలా పాతవా అని. ఏం చెప్పను? గుడ్డ పాతది, కుట్టు కొత్తది. పిల్లబట్టలండీ అనేవాణ్ణి.

నీకొకటి తెలుసా? గుండీకి ఎడమ భుజం ఒక పిసరు కిందికి వాలి ఉంటుంది. చూశావా, కన్నతల్లివి, నీకే తెలీదు! కంగారుపడకు, జబ్బేం కాదు. మనిషన్నాక ఏదో ఒక పక్కకి ఒరుగుతాడు. ఆ వాలుకి తగ్గట్టు ఎడమ పక్క ఒక పిసరు దించి కత్తిరించేవాణ్ణి. రెండు గౌన్లకీ! చూడు నా తెలివి. ఊళ్ళో కవల పిల్లలొచ్చినా ఎవరి కొలతలు వాళ్ళకే తీస్తాను, నా కూతురికి మాత్రం మీ అమ్మాయి భుజం అతికించాను.

కిందటి పార్సెల్ అందాక ఆవిడ మెసేజి పెట్టింది. ఎప్పుడూ 'అందింది' అని ఒక్క ముక్కే. ఈసారి మాత్రం, 'పొట్టిగా ఉంది. ఇంక పంపకండి.'

గౌను పొట్టిదైతే అయింది, ఇంకోటి కుట్టుకోవచ్చు. ఇంక పంపకండి అంటే? ఏటా వెళ్ళే ఆ ఒక్క పార్సెలే కదా నాకూ దానికీ ఉన్న చుట్టరికం. అదీ తెంపేస్తే నేను దానికేమవుతాను?

ఆ మధ్య నువ్వడిగావు, షాపు మూసి ఎక్కడికెళ్ళావన్నయ్యా అని. లేసులూ గుండీలూ కొనుక్కురావడానికని చెప్పాను. అబద్ధం. బస్సెక్కి అక్కడికెళ్ళాను.

ఏం మాట్లాడాలో దారి పొడుగునా వల్లించుకున్నాను. తలుపు తియ్యగానే 'నేను మీ నాన్నని' అనాలి. అంతే కదా, అదేమన్నా ఉపన్యాసమా? నా గొణుగుడు విని పక్క సీటాయన, నాతోనేనా అండీ అని కూడా అడిగాడు.

తలుపు తీసింది అదే, చెల్లెమ్మా. పాప. పొడుగ్గా, సన్నగా, అచ్చం వాళ్ళమ్మే. నా కళ్ళేమో కింద గుండీ ఎత్తులో వెతుకుతున్నాయి, దీని మొహమేమో ఇంకా పైన ఎక్కడో ఉంది. మూతి తుడుచుకుంటూ "ఎవరండీ మీరు?" అంది.

నేనేమన్నానో తెలుసా?

"టైలర్‌నమ్మా" అన్నాను.

నవ్వొస్తే నవ్వు, నాకే నవ్వొస్తోంది. కుట్టిన బట్టలు సంచిలో పెట్టుకుని ఇన్నేళ్ళలో ఎన్ని తలుపులు కొట్టానో! ఎవరూ అని లోపల్నించి కేకేస్తే, టైలర్‌నండీ అనడమే. నోటికి అదే అలవాటు. బస్సంతా వల్లించిన మాట గొంతులోనే ఉండిపోయింది, ఆ పాడు అలవాటు ముందుకి దూకింది. పైగా మెళ్ళో టేపు! తియ్యడం మర్చిపోయి అలాగే ఊరికెళ్ళాను.

పాప మొహం చేటంతయింది. "నా గౌన్లు కుట్టేది మీరేనా?" అంది. నేనేనన్నాను. ఇంక చూస్కో, నడుం మీద చెయ్యేసుకుని మొదలుపెట్టింది. ఎడమ పక్క జారిపోతోందట. మోకాళ్ళు కనబడుతున్నాయట. జేబులు మాత్రం బాగున్నాయట, రాళ్ళు బాగా పడతాయట. మొట్టమొదటి గౌను బొమ్మకి తొడిగిందట, పిల్లి ఇప్పటికీ దాని దుప్పట్లోనే పడుకుంటోందట. నేను తలొంచుకుని వింటూ నిలబడ్డాను. ఇన్నేళ్ళలో ఏ గిరాకీ నన్నంత ముద్దుగా తిట్టలేదు.

ఈలోపు లోపల్నించి చేతులు తుడుచుకుంటూ ఆవిడొచ్చింది. నన్ను చూసింది, మెళ్ళో టేపు చూసింది. "అమ్మా, టైలరంకుల్ వచ్చారు" అంది పాప. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. నా మొహంలోకే చూస్తూ నిలబడింది, చెప్పు, నీ నోటితో నువ్వే చెప్పు అన్నట్టు. చాలాసేపే నిలబడింది పాపం. నేను చెప్పుల కేసి చూసుకుంటున్నాను.

తిట్టు. తిట్టాల్సిందే. నన్ను నేను తిట్టుకోని రోజుందా?

అప్పుడు పాప నా ముందుకొచ్చి రెండు చేతులూ చాపింది, చెల్లెమ్మా.

రక్తసంబంధం ఎక్కడికి పోతుంది, గుర్తుపట్టేసింది అనుకున్నాను. ఎత్తుకుందామని మోకాళ్ళ మీద కూర్చున్నాను కూడా. అదేమో గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడింది.

కొలతలకి.

ఏం చేస్తాను? తీశాను. భుజం, పొడుగు, నడుం. టేపు తగిలితే చక్కిలిగింతని కిసుక్కుమంది. ఛాతీ చుట్టూ టేపు తిప్పేటప్పుడు రెండు చేతులూ మనిషి వెనక్కి వెళ్ళాలి కదా. దాని మెడ దగ్గర సబ్బు వాసన. ఎవరికైనా ఒక్కసారి తిప్పితే చాలు. సరిగ్గా రాలేదమ్మా, ఉండు అని మళ్ళీ తిప్పాను. ఆ తర్వాత ఇంకోసారి.

వచ్చేస్తుంటే ఆవిడ లోపలికెళ్ళి తన ఆకుపచ్చ గౌనొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "బీరువాలోవి అయిపోయుంటాయి" అంది. అంటే తెలుసు, చెల్లెమ్మా! తన బట్టలేనని మొదట్నించీ తెలుసు. వీధి చివరికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే తలుపు వేసేసి ఉంది.

అందుకే గుండీ కొలతలు అక్కర్లేదన్నాను. ఇప్పుడు అసలు కొలతలే ఉన్నాయి. కానీ ఒకటి చెప్పనా? కన్నకూతురివి కాగితం మీద చూసుకుంటూ కత్తిరించాల్సొచ్చింది. గుండీవైతే కళ్ళు మూసుకున్నా ఈ చేతులకి తెలుస్తాయి. పెరిగింది నా కళ్ళ ముందు మీ పిల్లే కదా. ఆదివారం తర్వాత ఎవరికి తోకలు కుట్టను? గిరాకీలొస్తారు, చేతులు చాపుతారు, వెళ్ళిపోతారు. ఆ మూల తల లేని బొమ్మ ఒకటుందిగా, దానితో మాట్లాడుకోవాలి. ఏం చెప్పినా అడ్డు చెప్పదు, అదొక్కటే సుఖం.

ఇదిగో, నువ్వేడవకు. పరదా తడిసిపోతే కుట్టు సరిగ్గా పడదు.

ఆ ఆకుపచ్చదే అది, నీ పక్కనున్నది. పాపకి కుట్టింది. చూడు, పర్లేదు, చేతిలోకి తీసుకునే చూడు. భుజాలు రెండూ సమానం ఈసారి. అంచెందుకు తిప్పి చూస్తున్నావు?

పట్టేశావే! ఇన్నాళ్ళు టైలరింటి కింద ఉన్నందుకు నీకూ కళ్ళొచ్చాయి. అవును, మడతలో గుడ్డ వదల్లేదు. ఎదిగే పిల్లకి కుట్టేటప్పుడు అంచు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి ఉంచాలి, ఏడాది తిరిగాక కుట్టు విప్పి దించుకోడానికి. పని నేర్చుకోడానికొచ్చినవాడికి మొదటిరోజే చెప్పే మాటది. అది వదలనివాణ్ణి టైలరనరు, దొంగంటారు.

గుడ్డ చాలక కాదమ్మా. బోలెడు మిగిలింది. నేనే కత్తిరించి పారేశాను.

నాన్నని అని చెప్పుకోడం నాకు చాతకాదు, అది తేలిపోయింది. టైలర్‌గా అయితే ఆ గుమ్మం ఎక్కగలను. వచ్చే ఏటికి అది పొడుగవుతుంది, ఇది పొట్టిదవుతుంది. పొట్టిదైపోతే టైలర్ని పిలవక ఇంకెవర్ని పిలుస్తారు, చెప్పు?